వెల్డు అతుకు: కనబడునది, కనబడనిది

ఏ ఊరికి పోయినను, కిటికీ ఊచలు, గేట్లు, ట్రాక్టరు తొట్లు తయారుచేయు వెల్డింగు షాపు ఒకటి కనబడును. నల్లని అద్దమును ముఖమునకు అడ్డము పెట్టుకొని పనివాడు రెండు ఇనుప ముక్కలను కలుపుచుండును. కన్నులు చెదరు వెలుగు, చిటపట శబ్దము, ఎగిరిపడు నిప్పురవ్వలు అందరును ఎరిగినవే. ఆ వెలుగును సూటిగా చూడరాదు. అందలి అతినీలలోహిత కిరణములు కంటికి హాని చేయును. పని ముగిసి, పైన పేరుకొన్న పెంకును సుత్తితో కొట్టి రాల్చిన పిమ్మట, రెండు ముక్కల నడుమ చేప పొలుసుల వరుసవలె ఒక సన్నని గట్టు మిగులును. దీనిని షాపులలో బీడ్ అందురు. ఈ వ్యాసములో మనము 'వెల్డు గట్టు' అందము.

నేడు యంత్రములను, వంతెనలను, ఓడలను, బాయిలర్లను కట్టుటకు ముందు వాని నమూనాలను కంప్యూటరులో నిర్మింతురు. దీనికి ఉపయోగించు సాధనములను క్యాడ్ అందురు. అనగా కంప్యూటరు సాయముతో చేయు రూపకల్పన. ఈ నమూనాలలో బోల్టు, బేరింగు, పళ్లచక్రము మొదలగునవి ఉన్నవి ఉన్నట్లు చిత్రింపబడును. వెల్డు అతుకు వద్దనే చిక్కు వచ్చును. బోల్టు తయారై వచ్చు వస్తువు. దాని కొలతలు పట్టికలలో ఉండును. వెల్డు అతుకు అట్టిది కాదు. అది పని జరుగునపుడు, అక్కడికక్కడ, కరిగిన లోహమునుండి పుట్టును. ఒక గట్టు మరియొక గట్టును అచ్చముగా పోలియుండదు. దీనిని నమూనాలో నిజమైనదానివలె చూపుట ఎట్లు? అట్లు చూపిన నమూనా మనకు ఏమి చెప్పును, ఏమి చెప్పదు? ఈ రెండు ప్రశ్నలను ఇచట విచారింతము.

పొలుసులు ఎట్లు ఏర్పడును?

ఒక వస్తువును చక్కగా చిత్రింపదలచినవాడు మొదట అది ఎట్లు పుట్టినదో తెలిసికొనవలెను. రాడ్డు కొనకును ఇనుప పలకకును నడుమ విద్యుత్ చాపము వెలిగినపుడు అచట ఉష్ణోగ్రత కొన్ని వేల డిగ్రీలు ఉండును. ఉక్కు కరుగుటకు సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ చాలును. కావున చాపము క్రింద ఒక చిన్న మడుగు ఏర్పడును. రాడ్డు కరిగి ఆ మడుగులో పడును. పలకల అంచులును కొంతమేర కరిగి అందులో కలియును. పనివాడు చేతిని ముందునకు జరుపుచుండగా మడుగుకూడ ముందునకు జరుగును. మడుగు వెనుక అంచు చల్లబడి గట్టిపడును.

ఈ గట్టిపడుట ఒకే తీరున సాగదు. చేతి కదలిక, రాడ్డునుండి పడు బిందువులు, విద్యుత్ ప్రవాహమునందలి హెచ్చుతగ్గులు మడుగును కదలించుచుండును. మడుగు ఒక్కొక్కమారు ఆగి సాగినట్లు గట్టిపడుటచే దాని వెనుక అంచు ఆకారము చంద్రవంకవలె ఒకదాని తరువాత ఒకటిగా లోహముమీద ముద్రపడును. ఎండిపోవుచున్న చెరువు తన ఒడ్డున గీతలు విడుచుటవంటిదే ఇది. ఆ చంద్రవంకల వరుసయే మనకు కనబడు పొలుసులు.

మడుగు వెనుకవైపు గుండ్రముగా ఉండును గనుక, ప్రతి చంద్రవంకయొక్క ఉబ్బు పని ప్రారంభించిన చోటి వైపునకును, తెరచిన భాగము పని సాగిన వైపునకును ఉండును. కావున చల్లబడిన గట్టును చూచి, పనివాడు ఏ వైపునుండి ఏ వైపునకు పోయెనో చెప్పవచ్చును. ప్రారంభమున పలక చల్లగా ఉండుటచే గట్టు కొంచెము ఎత్తుగను, ఇరుకుగను ఉండును. ముగింపున, రాడ్డును తటాలున ఎత్తివేసినచో, చివరి మడుగు కుంచించుకొని ఒక చిన్న గుంట మిగులును. వెల్డు గట్టును చిత్రించువారిలో చాలమంది మరచు సంగతులు ఇవియే: పొలుసులను తిరుగవేసి పెట్టుదురు, మొదలును చివరయు ఒకే తీరుగా ముగింతురు. చూచువానికి ఏదియో తేడాగా తోచును గాని కారణము తెలియదు.

బలము ఉండు చోటు

రెండు పలకలు లంబకోణమున కలియు మూలలో వేయు గట్టును ఫిల్లెట్ వెల్డు అందురు. మనము దీనిని మూల అతుకు అందము. దీనిని అడ్డముగా కోసి చూచినచో కోత సుమారుగ ఒక లంబకోణ త్రిభుజము. రెండు పలకలమీద పరచుకొన్న రెండు భుజములు సాధారణముగ సమానము. మూలనుండి కర్ణమునకు గీచిన లంబము ఆ త్రిభుజములో అతి సన్నని చోటు. దీనిని కంఠము అందురు. అతుకు తెగవలసివచ్చినచో ముందు ఇచటనే తెగును. కావున బలమును లెక్కించునపుడు కంఠపు మందమునే తీసికొందురు.

పదవ తరగతి విద్యార్థికి ఈ లెక్క తెలిసినదే. భుజము 6 మిల్లీమీటర్లైనచో కంఠము 6ను రెండు వర్గమూలముచే భాగింపగా వచ్చు 4.24 మిల్లీమీటర్లు. గట్టు పొడవు 100 మిల్లీమీటర్లనుకొనుడు. కంఠపు వైశాల్యము 424 చదరపు మిల్లీమీటర్లు. చదరపు మిల్లీమీటరునకు 100 న్యూటనుల బలమును అనుమతింతమనుకొన్నచో, ఆ అతుకు మోయగల బలము 42,400 న్యూటనులు. అనగా సుమారు 4.3 టన్నుల బరువు.

ఇప్పుడు భుజమును రెట్టింపు చేసి 12 మిల్లీమీటర్లు చేయుదము. కంఠము రెట్టింపగును, బలమును రెట్టింపగును. కాని త్రిభుజ వైశాల్యము 18నుండి 72 చదరపు మిల్లీమీటర్లకు పెరుగును. కరిగింపవలసిన లోహము నాలుగు రెట్లైనది. 100 మిల్లీమీటర్ల పొడవునకు పూర్వము 14 గ్రాములు పట్టినచోట ఇప్పుడు 56 గ్రాములకు పైగా పట్టును. రాడ్డులు, కరెంటు, కాలము అన్నియు అట్లే పెరుగును. అధికమైన వేడిచే పలకలు వంకరపోవు భయము కూడ పెరుగును. 'లావుగా వేసినచో మంచిది' అను మాట అందుచే ఎల్లప్పుడు మంచి మాట కాదు.

గట్టు పైభాగము చదునుగా ఉండవచ్చును, ఉబ్బియుండవచ్చును, లోనికి గుంటపడియుండవచ్చును. ఉబ్బిన గట్టు చూచుటకు బలిష్ఠముగా తోచును. అయినను ఆ ఉబ్బును బలములో లెక్కింపరు. లోపల ఇముడు త్రిభుజపు కంఠమునే లెక్కింతురు. పైగా, ఉబ్బిన గట్టు పలకను తాకుచోట, అనగా గట్టు పాదమువద్ద, ఒక నిటారైన మూల ఏర్పడి బలము అచట కేంద్రీకృతమగును. గుంటపడిన గట్టులో భుజములు 6 మిల్లీమీటర్లే ఉన్నను కంఠము 4.24 కంటె తక్కువగును. ఇంకొక ముఖ్య విషయము: మూలలో లోహము నిజముగ కరిగి పలకలోనికి చొరబడినదా లేదా అనునది పైనుండి చూచి తెలిసికొనుట సాధ్యము కాదు. అందమైన పొలుసుల క్రింద మూల అంటకయే ఉండవచ్చును.

గుర్తుల భాష

ఇందువలననే ఇంజనీర్లు అతుకును బొమ్మగా గీయుటకంటె గుర్తుగా వ్రాయుటకు ముందు అలవాటుపడిరి. అతుకువైపు చూపు ఒక బాణము, దానికి చేర్చిన ఒక అడ్డగీత, ఆ గీతమీద ఒక చిన్న త్రిభుజము. ఇది మూల అతుకునకు గుర్తు. బాణపు మలుపువద్ద చిన్న వృత్తమున్నచో చుట్టును వెల్డింగు చేయవలెనని అర్థము. అచటనే ఒక చిన్న జెండా ఉన్నచో ఆ పనిని కార్ఖానాలో కాక, కట్టడము లేచుచోటనే చేయవలెనని అర్థము. ఇట్టి గుర్తులకు అంతర్జాతీయ ప్రమాణము ఐ.ఎస్.ఓ. 2553, అమెరికాలో ఎ.డబ్ల్యు.ఎస్. ఎ2.4, మన దేశమున ఐ.ఎస్. 813.

ఈ భాషలో ఒక్క అక్షరము తప్పినను ఎంత తేడా వచ్చునో చూడుడు. అంతర్జాతీయ పద్ధతిలో కొలతకు ముందు 'ఎ' అను అక్షరమున్నచో అది కంఠము. 'జెడ్' అను అక్షరమున్నచో అది భుజము. అమెరికా పద్ధతిలో అక్షరము లేకుండ భుజపు కొలతనే వ్రాయుదురు. రూపకర్త 6 మిల్లీమీటర్ల కంఠము కోరెననుకొనుడు. దానికి 8.5 మిల్లీమీటర్ల భుజము కావలెను. అక్షరమును గమనింపక షాపులో 6 మిల్లీమీటర్ల భుజము వేసినచో, అతుకు బలము కోరినదానిలో నూటికి 71 వంతులే. మిగిలిన 29 వంతులు ఒక అక్షరముతో పోయినవి. తెరమీది బొమ్మలో ఈ రెండు గట్టులను ప్రక్కప్రక్కన పెట్టి చూచిననేగాని తేడా కంటికి ఆనదు.

కంప్యూటరులో గట్టు కట్టుట

కంప్యూటరు తెరమీద గీతలు గీయు విద్య 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఐవాన్ సదర్లండ్ నిర్మించిన స్కెచ్‌ప్యాడ్‌తో గొప్ప మలుపు తిరిగినది. వెలుగు కలముతో తెరను తాకి ఆయన గీతలను, వృత్తములను గీచి, వాని నడుమ సంబంధములను కంప్యూటరుచే పాటింపజేసెను. అటుపిమ్మట గీతలనుండి ఘనరూపములకు క్యాడ్ ఎదిగినది. నేటి క్యాడ్ నమూనాలో ప్రతి వస్తువును ముఖములు, అంచులు, శీర్షములు కలిగిన ఘనము. రెండు ఘనములను కలుపవచ్చును. ఒకదానిలోనుండి మరియొకదానిని తొలగింపవచ్చును.

వెల్డు గట్టును ఇందు చూపుటకు మూడు మార్గములు కలవు.

మొదటిది, గట్టును కట్టకయే, అతుకు ఉన్న అంచుమీద ఒక గుర్తును మాత్రము తగిలించుట. ఇన్వెంటర్, సాలిడ్‌వర్క్స్ వంటి క్యాడ్ సాధనములలో ఈ సౌకర్యము కలదు. తెరమీద తేలికగా ఒక గట్టువంటి గీత కనబడును. దానివెనుక ఘనమేమియు లేదు. కాని కొలత, పొడవు, రకము అను వివరములు నమూనాలో నిలిచియుండును. ఎన్ని మీటర్ల అతుకు ఉన్నదో పట్టికగా తీసికొనవచ్చును.

రెండవది, సాదా ఘనము. మన ఇండ్లలో జంతికల గొట్టమును నొక్కినపుడు బిళ్ల రంధ్రము ఏ ఆకారమున ఉన్నదో పిండి ఆ ఆకారపు కోతతోనే పొడుగుగా వచ్చును. ఇదియు అట్లే. రెండు పలకలు కలియు గీతను దారిగా ఎన్నుకొందురు. ఆ దారి మొదట, దానికి లంబముగా ఉన్న తలములో, భుజము 6 మిల్లీమీటర్లు గల త్రిభుజమును గీయుదురు. కర్ణమునకు బదులు కొద్దిగా ఉబ్బిన చాపమును గీచినచో ఉబ్బిన గట్టు వచ్చును. ఈ ఆకృతిని దారి వెంట ఈడ్చినచో గట్టు సిద్ధము. గొట్టము చుట్టును తిరుగు అతుకైనచో దారి వృత్తమగును, పద్ధతి అదియే.

మూడవది, పొలుసులతో కూడిన ఘనము. నిజమైనట్లు కనబడవలెనని కోరువారు ఈ మార్గమును పట్టుదురు.

పొలుసులను చెక్కుట

పలుచని బిళ్లలను ఒకదానిమీద ఒకటి వాల్చి పేర్చినచో ప్రతి బిళ్ల అంచును చంద్రవంకవలె కనబడును. కంప్యూటరులో చేయునదియు ఇదియే. మొదట పైన చెప్పినట్లు సాదా గట్టును ఈడ్తురు. తరువాత గట్టు వెడల్పుకంటె కొంచెము పెద్దదైన ఒక బిళ్లను, లేక నొక్కిన గోళమువంటి ఆకృతిని, ప్రారంభమువద్ద వాల్చి నిలుపుదురు. దారి వెంట 2 మిల్లీమీటర్ల దూరమునకు ఒకటి చొప్పున దాని ప్రతులను వరుసగా వేయుమని కంప్యూటరును ఆజ్ఞాపింతురు. ఆ ప్రతులన్నిటిని గట్టుతో కలిపి, పలకలలోనికి చొచ్చిన భాగములను తొలగింతురు. పొలుసు అంచులను కొద్దిగా గుండ్రము చేయుదురు. చివర ఒక గుంటను త్రవ్వుదురు. దూరములన్నియు ఖచ్చితముగా సమానమైనచో గట్టు అచ్చుపోసినట్లు కనబడును. చేతి పనివలె తోచవలెనన్నచో దూరములను, వాలును కొంచెము కొంచెముగ మార్చవలెను. మరమనిషి వేసిన గట్టులో ఈ తేడాలు తక్కువ. పొడి మందు పొర క్రింద చాపమును దాచి చేయు సబ్‌మర్జ్డ్ ఆర్క్ వెల్డింగులో గట్టు చాల నునుపుగా వచ్చును. దానికి లోతైన పొలుసులు వేయుట అసత్యము.

ఉచితముగ లభించు ఫ్రీక్యాడ్ అను సాధనముతో కూడ ఈ పనులను చేయవచ్చును. ఆకృతిని ఈడ్చుటయు, వరుస ప్రతులు వేయుటయు అందు కలవు. పాఠశాలలో ఒక కంప్యూటరున్న చాలును.

అయితే దీనికి చెల్లింపవలసిన వెల యున్నది. చదునైన త్రిభుజాకారపు గట్టునకు ఐదు ముఖములు చాలును. 100 మిల్లీమీటర్ల గట్టుమీద 2 మిల్లీమీటర్లకు ఒక పొలుసు చొప్పున 50 పొలుసులు. ప్రతి పొలుసునకు కనీసము ఒక ముఖము, దాని చుట్టును అంచులు. ఒక యంత్రపు చట్రములో 12 మీటర్ల అతుకులున్నచో పొలుసులు 6,000. నమూనాను ఒక్కమారు త్రిప్పి చూచినను, ఒక కొలతను మార్చినను, కంప్యూటరు ఈ ఆరువేల ముఖములను మరల లెక్కింపవలెను. పెద్ద నమూనాలు ఇందుచే చలనము లేక నిలిచిపోవును. ఇంత శ్రమకు ఫలముగా బలమునుగూర్చి తెలిసినది ఏమియు లేదు.

చెక్కకయే చెక్కినట్లు చూపుట

కంటికి మాత్రమే పొలుసులు కావలసినచో చెక్కనక్కరలేదు. 1978లో జేమ్స్ బ్లిన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక చక్కని ఉపాయమును ప్రకటించెను. ఒక తలము ఎత్తుపల్లములుగా ఉన్నదని మన కంటికి ఎట్లు తెలియును? వెలుగు నీడలచే తెలియును. వెలుగు ఎంత ప్రకాశించునో నిర్ణయించునది ఆ బిందువువద్ద తలమునకు గల అభిలంబముయొక్క దిక్కు. కావున తలమును కదపక, లెక్కలో అభిలంబపు దిక్కును మాత్రము అచటచట కొంచెము వంచినచో నునుపైన తలముకూడ ముడుతలు పడినట్లు కనబడును. దీనికి కావలసినది ఎచట మిట్టయో, ఎచట పల్లమో తెలుపు ఒక చిన్న పటము మాత్రమే. సాదా గట్టుమీద ఆ పటమును చుట్టినచో ముఖములు ఐదే ఉండును. పొలుసులు మాత్రము కనబడును.

ఈ ఉపాయపు గుట్టు ఒక్కచోట బయటపడును. గట్టును ప్రక్కనుండి, ఆకాశమునకు ఎదురుగా చూచినచో, దాని అంచుగీత నునుపుగనే ఉండును. తలము నిజముగ కదలలేదు గదా.

రంగులును ముఖ్యమే. స్టెయిన్‌లెస్ ఉక్కుమీద గట్టుకు ఇరువైపుల పసుపు, ఊదా, నీలి చారలు కనబడును. ఇవి రంగు పూత కాదు. వేడికి లోహముమీద ఏర్పడిన అతి పలుచని ఆక్సైడు పొరపై నుండియు, క్రింది నుండియు తిరిగివచ్చు వెలుగు కిరణములు కలిసికొనుటచే, అనగా వ్యతికరణముచే, ఈ రంగులు పుట్టును. తడి రోడ్డుమీద నూనె చుక్క రంగులకును ఇదియే కారణము. గట్టునుండి దూరము పోవుకొలది వేడి తక్కువ, పొర పలుచన. కావున నీలిరంగు గట్టు దగ్గరను, లేత పసుపు దూరమునను ఉండును. ఈ క్రమమును తారుమారు చేసిన చిత్రము భౌతికశాస్త్రమునకు విరుద్ధము.

ఎచట ఏది?

ఇట్లు చూచినచో, మూడు మార్గములలో ఏది గొప్పది అను ప్రశ్నకు అర్థము లేదు. నమూనాను ఏ ప్రశ్న అడుగుచున్నామో దానినిబట్టి మార్గమును ఎన్నుకొనవలెను.

కొనుగోలుదారునకు వస్తువు ఎట్లుండునో చూపవలెనన్నచో, శిక్షణ పొందువారికి మంచి గట్టునకును చెడ్డ గట్టునకును తేడా చూపవలెనన్నచో, పొలుసులతో కూడిన చిత్రము తగును. ఎన్ని రాడ్డులు పట్టునో, ఎంత కాలము పట్టునో లెక్కింపవలెనన్నచో గుర్తును, పట్టికయు చాలును.

భాగములు ఒకదానికొకటి తగులునా అని చూచుటకు సాదా ఘనము కావలెను. ఒక ఉదాహరణము: గోడవంటి పలకకు అడుగున మరియొక పలకను 6 మిల్లీమీటర్ల మూల అతుకుతో కలిపి, అడుగు పలకలో బోల్టు రంధ్రము చేయవలెను. 12 మిల్లీమీటర్ల బోల్టునకు వాడు సాధారణపు వాషరు వ్యాసము 24 మిల్లీమీటర్లు, వ్యాసార్థము 12. గట్టు ఆక్రమించునది 6. కావున రంధ్రపు కేంద్రము గోడకు 18 మిల్లీమీటర్లకంటె దూరముగ ఉండవలెను. గట్టును గుర్తుగా మాత్రమే చూపిన నమూనాలో కేంద్రమును 16 మిల్లీమీటర్లవద్ద పెట్టినను తప్పు కనబడదు. షాపులో మాత్రము వాషరు గట్టుమీదికెక్కి వంకరగా కూర్చుండును, బోల్టు వంగును.

బలమును కంప్యూటరుచే లెక్కింపజేయునపుడు పొలుసులు ఉపకరింపకపోవుటయే కాక అపకారము చేయును. అట్టి లెక్కలో వస్తువును చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కలో ఎంత ప్రతిబలమున్నదో కనుగొందురు. లోనికి తిరిగిన వాడియైన మూలలో, స్థితిస్థాపక సిద్ధాంతము ప్రకారము, ప్రతిబలము అనంతము. కావున ముక్కలను ఎంత చిన్నవి చేసినచో జవాబు అంత పెద్దదగును. ఒక అంకెవద్ద నిలువదు. పొలుసుల నడుమ ఇట్టి మూలలు వందలకొలది ఉండును. ఈ చిక్కును దాటుటకు అంతర్జాతీయ వెల్డింగు సంస్థ సిఫారసు చేసిన పద్ధతులలో ఒకటి, గట్టు పాదమును, మూలమును 1 మిల్లీమీటరు వ్యాసార్థముతో గుండ్రము చేసి లెక్కించుట. ఇది చూచుటకు నిజమైన గట్టువలె ఉండదు. అయినను ఎన్నటికి అలసి పగులునను ప్రశ్నకు నమ్మదగిన జవాబునకు ఇదియే తోడ్పడును.

ఆరు మిల్లీమీటర్ల అతుకు

చిన్న అతుకును చిన్నచూపు చూచినచో ఏమగునో ఉత్తర సముద్రము ఒకమారు లోకమునకు చూపినది. నార్వే దేశపు ఎకోఫిస్క్ చమురు క్షేత్రమున అలెగ్జాండర్ కీలండ్ అను తేలు వేదిక ఉండెను. అది ఐదు పెద్ద స్తంభములపై తేలుచు, చమురు పనివారికి వసతిగా ఉపయోగపడుచుండెను. 1980 మార్చి 27వ తేదీ సాయంకాలము, గాలివానలో, దానికి గల స్తంభములలో ఒకటి ఊడిపోయినది. వేదిక ఒరిగి, కొలదిసేపటిలో తలక్రిందులైనది. దానిమీద ఉన్న 212 మందిలో 123 మంది మరణించిరి.

స్తంభమును పట్టియుంచు లావైన ఉక్కు గొట్టములలో ఒకటి ముందు తెగినట్లు విచారణలో తేలినది. ఆ గొట్టము తెగుటకు కారణము దాని స్వంత అతుకు కాదు. నీటిలోని శబ్దములను గ్రహించు ఒక పరికరమును నిలుపుటకు గొట్టమునకు రంధ్రము చేసి ఒక పట్టును బిగించిరి. ఆ పట్టును గొట్టముతో కలిపినది 6 మిల్లీమీటర్ల మూల అతుకు. ఆ పట్టు బరువు మోయు భాగముగా ఎన్నబడలేదు. ఆ అతుకు ఆకారమును, చొరబాటును మంచివి కావు. అచట పుట్టిన పగులు అలల తాకిడికి కొంచెము కొంచెముగ గొట్టములోనికి ప్రాకినది. పగులు ముఖముపై రంగు జాడలు కనబడుటచే, వేదిక సముద్రములోనికి పోకముందే, రంగు వేయునాటికే, కొంత పగులు ఉండెనని పరిశోధకులు గ్రహించిరి.

ఈ అతుకును మన నమూనాలో ఎంత అందముగ చిత్రించినను ఏమి లాభము? పొలుసులను లెక్కపెట్టి చెక్కినను, రంగులను సరిగా అద్దినను, దాని మూల సరిగా అంటలేదని ఆ చిత్రము చెప్పదు. పనికిరాని చోట ఉన్నట్లు తోచు చిన్న పట్టు, అలసట వలన పగులుటకు అనువైన చోటనే అతుకబడినదనియు చెప్పదు. నమూనాలో గట్టు ఎల్లప్పుడు నిర్దోషియే. ఏలయన దానిని గీచినది గణితము. నిజమైన గట్టులో గాలిబుడగలు, చిక్కుకొన్న పెంకు తునకలు, అంటని మూలలు ఉండవచ్చును. వానిని కనుగొనుటకు ఎక్స్-కిరణములు, అతిధ్వనులు, అయస్కాంతపు పొడి, పగులులోనికి ప్రాకు రంగు ద్రవములు కావలెను. వానిని ఎచట ప్రయోగింపవలెనో చెప్పునది మాత్రము నమూనాలోని గుర్తే.

పాఠశాలలో చేయదగిన పని

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో సులభముగ చూపవచ్చును. రెండు అట్టముక్కలను లంబకోణమున నిలిపి మూలలో మెత్తని బంకమట్టితో గట్టు కట్టించవలెను. చెంచా వెనుకభాగముతో ఒక చివరనుండి రెండవ చివరకు నొక్కుచు పోయినచో చంద్రవంకల వరుస వచ్చును. ఏ వైపునుండి నొక్కిరో తక్కిన విద్యార్థులను చెప్పుమనవలెను. పిమ్మట గట్టును బ్లేడుతో అడ్డముగా కోసి, కంఠమును స్కేలుతో కొలువవలెను. ఉబ్బుగ, అందముగ కనబడిన గట్టులలో కొన్నింటికి లోపల ఖాళీ ఉండును. మట్టి మూలవరకు పోయి ఉండదు. కోయకముందు అది ఎవరికిని తెలిసియుండదు.

ఆ గట్టునే ఫ్రీక్యాడ్‌లో కట్టించి, భుజము, కంఠము, పొడవు, లోహపు బరువు లెక్కకట్టించినచో గణితము, భౌతికశాస్త్రము, చేతిపని ఒక్కచోట కలియును. చివరకు విద్యార్థి తన నమూనామీద వెల్డింగు గుర్తును స్వయముగ వ్రాయవలెను. కొలత కంఠమునకా, భుజమునకా అను అక్షరమును మరువరాదు. చిత్రము అతుకు పైరూపమును చూపును. గుర్తు అతుకునుండి మనము కోరినదానిని చెప్పును. కోరినది దొరికినదా అని చెప్పగలది పరీక్ష ఒక్కటే. ఈ మూడింటిలో ఏ ఒక్కటియు తక్కిన రెండింటి పని చేయజాలదు.